ఒక రచయిత దొరికితే పిల్లల్లో ఏం మారుతుంది?

సంక్రాంతి సెలవుల్లో చెన్నైలోని నందనం వైఎంసీఏ మైదానం పుస్తక ప్రదర్శన నుంచి మా పై అంతస్తు అమ్మాయి ఒక సంచి మోసుకొచ్చింది. పెరంబూరులో మా అపార్ట్‌మెంటుకి లిఫ్టు లేదు. మూడో అంతస్తు దాకా ఎక్కలేక మా గుమ్మం దగ్గర ఆగి, మంచినీళ్ళు తాగి, సంచి తెరిచి చూపించింది. ఏడు పుస్తకాలున్నాయి. ఏడూ ఒకే రచయితవి, తమిళంలో రాసే ఒకాయనవి. అమ్మాయి ప్లస్ వన్ చదువుతోంది.

రెండు వారాలు తిరక్కుండా వాళ్ళమ్మ మెట్ల మీద నన్ను ఆపింది. "అక్కా, పొద్దస్తమానం ఆయన పుస్తకాలే. మాట తీరు కూడా మారిపోయింది. ఏదన్నా అంటే ఆయన ఇలా రాశాడు, అలా రాశాడు అంటోంది. వచ్చే ఏడు ప్లస్ టూ. నాకు టెన్షన్‌గా ఉంది. ఇది మంచికా, చెడుకా?"

ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మనం పుస్తకాల గురించి రెండు రకాలుగా మాట్లాడుకుంటాం. సభల్లో, ఒక్క పుస్తకం జీవితాన్నే మార్చేస్తుందంటాం. ఇంట్లో, కథల పుస్తకాలు చదివి చెడిపోయాడంటాం. చాలాసార్లు రెండు మాటలూ అనేది ఒకే మనిషి. రెండింటి కిందా ఉన్న నమ్మకం కూడా ఒకటే: రచయిత చేతిలో గొప్ప శక్తి ఉందని, చదివే పిల్ల మెత్తని మట్టి ముద్ద అని. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

అభిమానం, అనుకరణ, స్ఫూర్తి, ప్రభావం: నాలుగూ ఒకటి కావు

వాడుకలో ఈ నాలుగు మాటల్నీ కలిపేస్తాం. అందుకే గందరగోళం.

ఒక రచయిత పుస్తకాలన్నీ కొనుక్కుని, ఆయన ఫొటో గోడకు అంటించుకుంటే అది అభిమానం. ఆయనలా మాట్లాడటం, ఆయన వాడిన మాటలే వాడటం, ఆయన కోప్పడ్డవాళ్ళ మీద కోప్పడటం అనుకరణ. చదివాక తానుగా ఏదో ఒక పని మొదలుపెడితే, డైరీ రాయడమో, వీధి చివరి చెరువు గురించి ఆరా తీయడమో, లెక్కలు ఇష్టంగా చేయడమో, దాన్ని స్ఫూర్తి అనాలి. ప్రభావం వీటన్నిటికంటే నెమ్మదైంది, చాలాసార్లు కనిపించదు. పదేళ్ళ తర్వాత ఒక మనిషిని చూసే చూపులో, ఒక అన్యాయం దగ్గర ఆగిపోయే క్షణంలో అది బయటపడుతుంది. అప్పటికి ఆ పుస్తకం పేరు కూడా గుర్తుండకపోవచ్చు.

పై అంతస్తు తల్లికి కనిపిస్తున్నది అనుకరణ. ఆమె భయపడుతున్నది ప్రభావం గురించి. రెండో దాని గురించి చెప్పడానికి ఇంకా చాలా తొందర. అనుకరణ దశలోంచి వెళ్ళని పాఠకులు తక్కువ. పాట నేర్చుకునే పిల్ల మొదట గురువు గొంతుతోనే పాడుతుంది.

పదిహేను నుంచి ఇరవై మధ్యలోనే ఎందుకు ఇంత గట్టిగా పట్టుకుంటుంది?

నలభై ఏళ్ళప్పుడు ఎంత మంచి రచయిత దొరికినా పదిహేడేళ్ళప్పుడు దొరికిన రచయిత అంత లోతుగా దిగడని చాలామంది అనుభవం. దీనికి కారణాలున్నాయి.

మనిషి ఎదుగుదలను దశలుగా చూసిన మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్‌సన్, టీనేజి ముఖ్యమైన పని 'నేనెవరు?' అని తేల్చుకోవడమే అన్నాడు. ఆ ఆలోచనను ముందుకు తీసుకెళ్ళిన జేమ్స్ మార్సియా 1966లో దాన్ని నాలుగు స్థితులుగా విడగొట్టాడు. వాటిలో రెండు మనకిక్కడ పనికొస్తాయి. ఒకటి వెతుకులాట: పిల్లలు రకరకాల నమ్మకాలు తొడిగి చూస్తారు, బట్టల కొట్లో చొక్కాలు తొడిగి చూసినట్టు. ఇంకా ఏదీ కొనలేదు. రెండోది, వెతకకుండానే తేల్చేసుకోవడం: ఎవరో కుట్టి ఇచ్చిన చొక్కా తొడుక్కుని ఇదే నేను అనుకోవడం. ఆ కుట్టి ఇచ్చేది తల్లిదండ్రులు కావచ్చు, కులం కావచ్చు, కోచింగ్ సెంటరు కావచ్చు, ఒక రచయిత కూడా కావచ్చు.

ఇక్కడే అసలు చిక్కు. ఒకే పుస్తకం ఒక పిల్లకు వెతుకులాట మొదలుపెట్టే తాళంచెవి అవుతుంది, ఇంకో పిల్లవాడికి వెతుకులాట ఆపేసే గడియ అవుతుంది. పుస్తకంలో తేడా లేదు.

జ్ఞాపకం కూడా ఒక కారణం. పెద్దయ్యాక గుర్తొచ్చే సంగతుల్లో సుమారు పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవే ఎక్కువగా ఉంటాయని పరిశోధకులు చాలాసార్లు గమనించారు. మా అమ్మకు నిన్న చదివిన కథ గుర్తుండేది కాదు. పెళ్ళికి ముందు చదివిన సీరియల్లో హీరోయిన్ చీర రంగు మాత్రం చెప్పేది.

చదివేటప్పుడు లోపల జరిగేది

"నా మనసులో ఉన్నదే రాశాడు" అంటారు చూడండి, దొరికిన రచయిత గురించి అందరూ అనే మొదటి మాట అదే. ఆ మాటలో విషయం ఉంది. పదహారేళ్ళ పిల్లకు లోపల బోలెడు ఉంటుంది. దానికి పేరుండదు. నాన్న అరిచినప్పుడు కలిగేది కోపమా, జాలా, సిగ్గా? రచయిత దానికొక వాక్యం ఇస్తాడు. పేరున్నదాని గురించి ఆలోచించవచ్చు, ఇంకొకరితో మాట్లాడవచ్చు.

అమెరికన్ విద్యావేత్త రూడీన్ సిమ్స్ బిషప్ 1990లో పిల్లల పుస్తకాల్ని అద్దాలతో, కిటికీలతో పోల్చింది. మన ఇల్లు, మన వీధి, మన రంగు కనిపించే పుస్తకం అద్దం. ఎదుటివాళ్ళ ఇల్లు కనిపించేది కిటికీ. కొన్ని పుస్తకాలు జరిపి లోపలికి వెళ్ళగలిగే గాజు తలుపులు. అద్దమే లేని పిల్లకు తానసలు కథకు తగిన మనిషినే కానేమో అనిపిస్తుంది. అద్దాలే ఉన్న పిల్లకు లోకమంతా తన ఇల్లే అనిపిస్తుంది. రెండూ నష్టమే.

కథలో లీనమైపోవడం గురించి 2000లో మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ చేసిన ప్రయోగాలు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కథలోకి ఎంతగా వెళ్ళిపోతే పాఠకుల నమ్మకాలు ఆ కథ వైపు అంతగా జరిగాయి. కథలో తప్పులు కూడా వాళ్ళకు తక్కువగా కనిపించాయి. ఒళ్ళు మరిచి చదవడంలో ఉన్న ఆనందమూ అదే, ప్రమాదమూ అదే.

లెక్కల పుస్తకం ఒకటి, కుంభకోణం కుర్రాడు ఒకడు

నాకు తెలిసినంతలో ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ చూపించే ఉదాహరణ శ్రీనివాస రామానుజన్. కథల పుస్తకం కాదుగా అనకండి. ఒక రచయిత ఒక కుర్రాడి జీవితంలోకి వచ్చినప్పుడు ఏమేం జరగవచ్చో అన్నీ అందులో ఉన్నాయి.

1903లో, పదిహేనేళ్ళ వయసులో, కుంభకోణంలో అతని చేతికి జి.ఎస్. కార్ అనే ఆయన రాసిన గణిత సూత్రాల సంకలనం వచ్చింది. స్నేహితుల ద్వారా కాలేజీ లైబ్రరీ నుంచి తెప్పించుకున్నాడు. కార్ పెద్ద పేరున్న గణితవేత్త కాదు, పరీక్షలకు విద్యార్థుల్ని తయారుచేసే ట్యూషన్ మాస్టారు. పుస్తకంలో దాదాపు అయిదు వేల ఫలితాలు వరసగా ఉంటాయి. చాలావాటికి రుజువులు లేవు, ఉన్నవి కూడా ఒకటి రెండు ముక్కల్లోనే. రామానుజన్ ఒక్కో ఫలితాన్నీ తన పలక మీద తానే రాబట్టుకుంటూ పోయాడు. రుజువు రాసి ఉంటే చదివి పేజీ తిప్పేసేవాడేమో. లేకపోవడమే అతనికి పని పెట్టింది. ఆ పుస్తకం గొప్పదేమీ కాదని, రామానుజన్ వల్లే దానికి పేరొచ్చిందని తర్వాత కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీ రాశాడు. పిల్లల్ని కదిలించాలంటే రచయిత మహానుభావుడే అయి ఉండాలన్న మన ఊహకు ఇది అడ్డం వస్తుంది.

రెండో వైపు కూడా చూడాలి. 1904లో స్కాలర్‌షిప్‌తో కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో చేరాడు. లెక్కలు తప్ప ఇంకేదీ పట్టలేదు. స్కాలర్‌షిప్ పోయింది. 1906లో మద్రాసు వచ్చి పచ్చయప్ప కాలేజీలో చేరాడు. ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటరు లాంటిది) పరీక్ష కూడా పోయింది. పై అంతస్తు తల్లి భయం ఉంది చూశారూ, రామానుజన్ వాళ్ళమ్మ కోమలత్తమ్మాళ్‌కు అది నిజంగా ఎదురైంది. పైగా, కార్ పద్ధతే అతని పద్ధతి అయింది. తన నోటు పుస్తకాల్లో ఫలితాలు మాత్రమే రాసేవాడు, రుజువులు కాదు. తర్వాతి తరాల గణితవేత్తలు వాటిని రుజువు చేయడానికి దశాబ్దాలు పట్టింది. మొదటి రచయిత ముద్ర ఎంత లోతుగా పడుతుందో చూడండి: అతను ఏం చెప్పాడో అది మాత్రమే కాదు, ఎలా చెప్పాడో అది కూడా అచ్చు పడుతుంది.

మరి ఆ కథ అక్కడే ఎందుకు ఆగిపోలేదు? మనుషులు అడ్డుపడ్డారు. నెల్లూరు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు అతని నోటు పుస్తకాలు చూసి నెలనెలా డబ్బు ఇచ్చాడు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది. అక్కడ పై అధికారి నారాయణ అయ్యర్‌కు లెక్కలు తెలుసు. 1913 జనవరిలో హార్డీకి ఉత్తరం వెళ్ళింది. ఆ ఏడే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. కార్ తలుపు తెరిచాడు, నిజమే. తలుపు అవతల చెయ్యి పట్టుకుని నడిపించినవాళ్ళ పేర్లు మనం చెప్పుకోం. వాళ్ళే లేకపోతే, ఈ ఊళ్ళోనే 'పుస్తకం చదివి చెడిపోయిన కుర్రాడు' అని ఇంకో పేరు మిగిలేది.

పుస్తకం నాటుతుందా, మొలిపిస్తుందా?

1904లో జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్ళే రైలెక్కుతున్న గాంధీకి స్నేహితుడు పోలక్ స్టేషనులో ఇంగ్లీషు రచయిత రస్కిన్ పుస్తకం ఒకటి ఇచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని, ఆ పుస్తకం ప్రకారం జీవితాన్ని మార్చుకోవాలని నిశ్చయించుకున్నానని గాంధీ ఆత్మకథలో రాసుకున్నాడు. డర్బన్ దగ్గర ఫీనిక్స్ ఆశ్రమం అలా వచ్చింది. అక్కడే ఆయన ఇంకో మాట కూడా రాశాడు: తన లోపల లోతుగా ఉన్న నమ్మకాలే ఆ పుస్తకంలో ప్రతిఫలించినట్టు కనిపించాయని. అప్పటికి ఆయనకు దాదాపు ముప్పై అయిదేళ్ళు, పదేళ్ళ పోరాటం వెనక ఉంది. అంటే నేల తడిసి ఉంది, గింజ పడి ఉంది.

పదిహేడేళ్ళ పిల్ల విషయంలో ఇంత ధీమాగా చెప్పలేం. నేల ఇంకా తయారవుతూ ఉంటుంది.

చదవడం మనిషిని మారుస్తుందని నిరూపించడం కూడా అనుకున్నంత తేలిక కాదు. సాహిత్య విలువున్న కథ కాసేపు చదివితే ఎదుటివాళ్ళ మనసు పసిగట్టే శక్తి పెరుగుతుందని 2013లో కిడ్, కస్టానో అనే ఇద్దరు పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. అది లోకమంతా పాకింది. 2016లో వేరే పరిశోధకులు అదే ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. జీవితమంతా ఎక్కువగా చదివినవాళ్ళలో ఆ శక్తి ఎక్కువగా కనిపించింది. ఒక్క కూర్చోటులో కాదన్నమాట. మరి చదవడం వల్ల ఆ శక్తి వచ్చిందా, ఆ శక్తి ఉన్నవాళ్ళే చదువుతారా? ఇది ఇంకా తెగని ప్రశ్న.

దీనికి ఇంకో ముడి ఉంది. "నన్ను ఫలానా రచయిత మార్చాడు" అని చెప్పేవాళ్ళు సాధారణంగా జీవితంలో ఏదో సాధించినవాళ్ళు. అదే పుస్తకం చదివి ఏమీ కాని వేలమందిని ఎవరూ ఇంటర్వ్యూ చేయరు. వెనక్కి తిరిగి చూసుకునేటప్పుడు మనమందరం మన జీవితానికి ఒక మలుపు కల్పించుకుంటాం. ఆ మలుపు దగ్గర ఒక పుస్తకం పెట్టుకోవడం అందంగా ఉంటుంది. నేను ఈ వాదనను తోసిపుచ్చను. కానీ నా జీవితంలో ఒక పుస్తకం ఉంది, దాన్ని కల్పన అనుకోలేను.

మా అమ్మ పెట్టెలో చలం

పదిహేడేళ్ళప్పుడు నేను చలం చదివాను. మా తరానికి ఆ పేరు చెబితే పెద్దవాళ్ళ మొహాలు మారిపోయేవి. చదివిన నెలకల్లా ఇంట్లో అందరూ నాకు నటిస్తున్నవాళ్ళలా కనిపించారు. అమ్మతో మూడు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ వంటింట్లోంచి బయటికి రాకపోవడం ఆవిడ పిరికితనమే అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాను.

చాలా ఏళ్ళ తర్వాత అమ్మ ఇనప్పెట్టె సర్దుతుంటే అడుగున, పట్టుచీర మడతల్లో, అదే పుస్తకం దొరికింది. లోపల అమ్మ పెళ్ళికి ముందరి ఇంటిపేరు, సిరాతో. నాకంటే పాతికేళ్ళ ముందే చదివింది. ఆ పుస్తకం నాకిచ్చింది కోపం. అమ్మకేమిచ్చిందో నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడిగే వీలు లేదు. నన్ను ఇంటరు దాటనిచ్చి డిగ్రీ చదివిస్తానని నాన్న ఎదుట నిలబడింది ఆవిడే.

చలం విషయంలో ఇంకొకటి జరిగింది. 1950లో ఆయన తిరువణ్ణామలై వెళ్ళిపోయి, 1979లో పోయేదాకా అక్కడే రమణాశ్రమం దగ్గర ఉండిపోయాడు. తిరుగుబాటు చెప్పినవాడు భగవాన్ పాదాల దగ్గర కూర్చున్నాడని బాధపడ్డ పాఠకులున్నారు. రచయిత కూడా వెతుక్కుంటూ పోయే మనిషే. పాఠకుడు పదిహేడేళ్ళప్పుడు పట్టుకున్నది ఆయన దారిలో ఒక మజిలీని. పిల్లలు నమ్మిన రచయిత మారిపోయినా, ఆయన జీవితంలోని తప్పు బయటపడినా పిల్లలకు అది చిన్న దెబ్బ కాదు. ఆ దెబ్బను కొందరు పుస్తకాలే వదిలేసి తట్టుకుంటారు, కొందరు మనిషినీ రాతనూ విడిగా చూడటం నేర్చుకుంటారు.

నన్ను గట్టున పడేసింది కూడా చలమే. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కు ముందుమాటగా ఉన్న 'యోగ్యతాపత్రం' ఆయన రాసిందే. చలం కోసం తెరిచాను, శ్రీశ్రీ దొరికాడు. ఇద్దరి మాటా ఒకటి కాదని తెలిశాక, మూడోవాళ్ళేమన్నారో చూడాలనిపించింది.

ఏ భాషలో దొరుకుతాడు? చెన్నై తెలుగు పిల్లల చిక్కు

హైదరాబాదులోనో విజయవాడలోనో లేని చిక్కు ఇక్కడుంది. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. భాషా మైనారిటీల మినహాయింపు కోసం కోర్టుల్లో చాలా పోరాటం జరిగింది. ఇక్కడ పుట్టినవాళ్ళకు తమిళం రావాలన్న వాదనలో న్యాయం ఉంది. మాతృభాష చదవడం రాకుండా పిల్లలు పెరుగుతున్నారన్న బాధలోనూ న్యాయం ఉంది. ఫలితం మాత్రం మా మెట్ల మీదే కనబడుతుంది: పై అంతస్తు అమ్మాయి ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, తమిళంలో కథలు చదువుతుంది, ఇంగ్లీషులో పరీక్షలు రాస్తుంది. తెలుగు అక్షరాలు రావు. తనకు దొరికిన రచయిత తమిళుడు కావడంలో వింతేముంది? ఆయన రాసే వీధి తను నడిచే వీధే. అద్దం అక్కడ దొరికింది.

అదే ఇంట్లో నాయనమ్మ ఉంది. ఆవిడ దగ్గర అట్టలు ఊడిపోతున్న బైండు పుస్తకాలు మూడున్నాయి. పత్రికల్లో వచ్చినవి కత్తిరించి, వరసగా పేర్చి, దారంతో కుట్టించుకున్నవి. ఒక దాంట్లో మాలతీ చందూర్ 'పాత కెరటాలు' శీర్షిక ఉంది. మద్రాసులోనే ఉండి ఆవిడ ఇంగ్లీషులో దొరికే నవలల్ని ఒక్కొక్కటిగా తెలుగువాళ్ళకు పరిచయం చేసింది. కాలేజీ గడప తొక్కని ఆడవాళ్ళు రష్యా, ఫ్రాన్సు, ఇంగ్లండు నవలల కథలు చెప్పగలిగేవారంటే ఆవిడ చలవే. తన దగ్గరే పాఠకుల్ని ఆపుకోకుండా ఇంకొకరి దగ్గరికి పంపే రచయితలు కొందరుంటారు. ఈ పంపడం గురించి మనం తక్కువ మాట్లాడతాం.

దాని గురించి బాగా ఆలోచించినాయన ఇదే ఊళ్ళో ఉండేవాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పిన ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యాడు. 1931లో ఆయన పుస్తకంగా తెచ్చిన అయిదు సూత్రాల్లో రెండు ఇవి: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. ఈయనే తర్వాత రామానుజన్ మీద ఒక పుస్తకం రాశాడంటే నాకు ఆశ్చర్యం వేయదు. కుంభకోణంలో ఒక మామూలు పుస్తకం తన పాఠకుడిని కలుసుకోవడం కంటే ఆ సూత్రానికి మంచి సాక్ష్యం ఏముంటుంది? 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వెనక కూడా ఆయన కృషి ఉంది. ఈ ఊళ్ళో ఇంటి పన్నుతో పాటు మనం కట్టే గ్రంథాలయ సెస్సు దాని చలవే. ఎగ్మోరులో 1896లో తెరిచిన కన్నెమరా లైబ్రరీ దేశంలో అచ్చయ్యే పుస్తకాలు చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి, అందులో తెలుగూ ఉంది. కొట్టూరుపురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి లైబ్రరీ కూడా ఉంది.

మెట్ల మీద రెండో ప్రశ్న

వేసవి సెలవుల్లో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం పై అంతస్తు అమ్మాయి నాయనమ్మ బైండు పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాయనమ్మ వేలు పెట్టి చదువుతోంది, తను వింటోంది. మధ్యలో ఒక అక్షరం దగ్గర ఆపి, "ఇది 'క' కదా, తమిళంలో వేరేగా ఉంటుంది" అంది. భౌతికశాస్త్రం నోటు పుస్తకం ఆఖరి పేజీలో అప్పటికే ఒక వరస తెలుగు అక్షరాలున్నాయి, 'ళ' దగ్గర రెండుసార్లు కొట్టేసి.

నాయనమ్మ చదివిన పరిచయంలో ఒక ఇంగ్లీషు నవల పేరుంది, రాసింది ఒక ఆవిడ. అమ్మాయి ఆ పేరు చీటీ మీద రాసుకుని కొట్టూరుపురం వెళ్ళి ఆ నవల వెతికి పట్టుకుంది. ఇప్పుడు తమిళ రచయిత ఏడు పుస్తకాల పక్కన గూట్లో అది కూడా ఉంది. రాత్రి భోజనాల దగ్గర ఆయన ఇలా అన్నాడు, ఈవిడ అలా అనలేదు అని వాదన నడుస్తోందట.

మొన్న వాళ్ళమ్మ మళ్ళీ మెట్ల మీద కనిపించింది. చేతిలో కూరగాయల సంచి. "అక్కా, ఈవిడెవరు కొత్తగా వచ్చింది? మా అత్తగారికి కూడా తెలుసంట. నాకు చదివి చెప్పేవాళ్ళెవరన్నా ఉన్నారా?"